రెండు సుడుల మనిషి

మా మామయ్య తన క్షవరశాల షట్టరు దించుతుంటే వెనక నుంచి ఒకడు ఇనుప కడ్డీతో కొట్టాడు. వాడికి దక్కిన చిల్లర ఆ కడ్డీ ఖరీదు కూడా చెయ్యదు. మామయ్య కుడి భుజం మాత్రం విరిగింది. ఎముక అతికింది గానీ ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. ఎడమ చేత్తో కత్తెర పట్టడం నేర్చుకున్నాడు. ఆ ప్రయోగాలన్నీ మేనల్లుడినైన పాపానికి నా తల మీదే జరిగాయి.

దొంగ వీధి చివరే దొరికిపోయాడు. కోర్టులో మామయ్యను వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. దొంగ ఒకసారి పక్కకు తిరిగితే గుబురు గడ్డం తప్ప ఏమీ కనపడలేదు. నడినెత్తి మీది రెండు సుడులు మాత్రం విచారణ సాగినంతసేపూ మామయ్య చూస్తూనే ఉన్నాడు.

"అలాంటి తలకి ఎదురు కత్తెర పెట్టకూడదురా. జుట్టు నిక్కబొడుచుకుంటుంది" అన్నాడు ఇంటికొచ్చి. శిక్ష ఎంత పడిందని అత్త అడిగితే తెల్లమొహం వేశాడు.

కొన్నేళ్ళకు, బాధితులకు కబురు చేసే ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఖైదీలను ముందుగా విడిచే నియమాలు మారాయనీ, మీవాడు ఈ వేసవిలోనే రావచ్చనీ చెప్పింది.

"మావాడేంటమ్మా, మేమేమైనా పెంచామా?" అంది అత్త.

తర్వాత మరొకాయన చేసి, మనుషుల్ని గాయపరిచిన వాళ్ళకు ఆ మార్పు వర్తించదన్నాడు. పై నెలలో మొదటావిడే మళ్ళీ చేసి, దొంగతనం కింద పడిన శిక్ష కాబట్టి వర్తించినా వర్తించవచ్చు అంది. వాడు మీ వీధికి రాకుండా షరతు పెట్టించమంటారా అని కూడా అడిగింది.

"ఇంతకీ వాడు లోపలున్నాడా, బయటున్నాడా?" అన్నాడు మామయ్య.

"అది పైవాళ్ళు తేల్చాలండీ. షరతు సంగతి చెప్పండి."

"ఆలోచించి చెప్తానమ్మా."

నాకు ఒళ్ళు మండింది. "ఆలోచించేదేముంది మామయ్యా, పెట్టించు!"

"గడ్డం తీసేస్తే కన్నతల్లే పోల్చుకోలేదు. వచ్చినవాడు వాడేనని ఎవరు పట్టుకోవాలి? నేనేగా!" అన్నాడు. "అయినా జైలు నుంచి వచ్చినవాడు ముందు వెతికేది మంగలినేరా."

అప్పటి నుంచి కుర్చీలో ఎవరు కూర్చున్నా ముందు నడినెత్తి తడిమేవాడు. ఒకే సుడి తగిలితే ఊపిరి పీల్చుకునేవాడు. బట్టతలవాళ్ళు వస్తే ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు.

"లోపల వాడి జుట్టు ఊడిపోతేనో?" అన్నాడోసారి అన్నం తింటూ.

"అయితే జైలుకి తలనూనె పంపించు" అంది అత్త.

చివరిసారి నేను వెళ్ళేసరికి కొట్లో ఎవరూ లేరు. మామయ్య ఆ కుర్చీలో తనే కూర్చుని అద్దంలోకి చూస్తున్నాడు. కింద కుప్పగా నల్లటి గడ్డం వెంట్రుకలు. ఆయన ఊడ్వలేదు.

"పొద్దున ఒకడొచ్చాడు. రెండు సుడులు. గడ్డం తీసెయ్యమన్నాడు. గొంతు మీద కత్తి ఆడుతుంటే గురక పెట్టి నిద్రపోయాడ్రా. నా చెయ్యి కూడా వణకలేదు, అదే అర్థం కావట్లేదు. వాడు వెళ్ళగానే ఆఫీసావిడకి ఫోన్ చేసి షరతు వద్దని చెప్పేశాను."

"వాడేనా మామయ్యా? పేరైనా అడిగావా?"

"అడగలేదురా. వాడు కాదని తేలితే, మళ్ళీ ప్రతి తలా తడుముకోవాలి కదా."