నాలుగో అంశం కింద ఒక్క గీత

1996 మే నెల. భద్రాచలంలో ఒక హైస్కూల్లో టీచర్లకు కంప్యూటర్ శిక్షణ. నేను ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. తొమ్మిదో తరగతిలోనే బడికీ నాకూ పొసగలేదు. టైపు మిషన్లు తుడిచే పనిలో చేరి, వాటిని విప్పడం నేర్చి, అవి మూలపడ్డాక కంప్యూటర్ల మీద పడ్డాను. అలా బడి మానేసినవాణ్ణి టీచర్లందరి మధ్యకు పంపించారు. అయితే నా పని పాఠం వినడం కాదు, యూపీఎస్‌ను కాచుకోవడం. యూపీఎస్ అంటే కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు బతికించే పెట్టె. ఆ ఎండల్లో అది నాకంటే ఎక్కువ మూలిగేది.

శిక్షణ నడిపింది వసంత మేడమ్, హైదరాబాదు నుంచి వచ్చిన లెక్చరర్. కంప్యూటర్‌ను బడిలో ఎలా నేర్పాలన్నదే ఆమె పరిశోధన. దాంట్లో ఏ అంశం మీద టీచర్లకు ఎక్కువ ఆసక్తి ఉందో ముందు కొలవాలనుకున్నారు. నెగ్గిన అంశం మీదే పరిశోధన జరుగుతుంది, దానికి తగిన బళ్ళకే మూడు కంప్యూటర్లు వెళ్తాయి.

బోర్డు మీద నాలుగు అంశాలు రాశారు. ప్రోగ్రాం రాయడం ఏ తరగతి నుంచి మొదలుపెట్టాలి. ఒకే కంప్యూటర్ ముందు తరగతి మొత్తాన్ని ఎలా కూర్చోబెట్టాలి. మార్కులు ఎలా వేయాలి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు, తెలుగు చదువులో, ఇంగ్లీషు కంప్యూటర్‌ను ఎలా చెప్పాలి.

ఈ నాలుగోది కావాలని పట్టుబట్టి రాయించింది ముత్తయ్య సారు. చర్ల దారిలో ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసేవాడు. తనూ కోయవాడే. అది ఓడిపోతే మూడు కంప్యూటర్లూ ఖమ్మం టౌన్లోనే ఆగిపోతాయని, తన బడి పిల్లలు కంప్యూటర్‌ను బొమ్మలోనే చూడాల్సి వస్తుందని అతనికి తెలుసు. నాకు చెప్పింది కూడా అతనే.

మొదటి రోజు కొలత తేలిక. నాలుగు గదులు, నాలుగు అంశాలు. ఎవరికి ఏది ఇష్టమైతే ఆ గదిలోకి వెళ్ళాలి. మార్కుల గది కిక్కిరిసిపోయింది. కోయ పిల్లల అంశం పడమటి ఎండ కొట్టే చివరి గదిలో పడింది. అక్కడ ముత్తయ్య సారు, అటువైపు టీచర్లు కొందరు చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

"మేడమ్, మీ పోటీల గెలిచింది సీలింగ్ ఫ్యాను" అన్నాను.

ఆమె నా వైపు, తర్వాత మార్కుల గది కప్పు వైపు చూశారు. నిజంగానే తిరిగే ఫ్యాను అక్కడొక్కటే. మర్నాడు చప్పుడు చేయకుండా మార్కుల అంశాన్ని వేరే గదికి మార్చి, ఫ్యాను గదికి ప్రోగ్రాం అంశం ఇచ్చారు. జనం ఫ్యానుతోనే ఉండిపోయారు. ఒక సారు మాత్రం, "నాకు చిన్నప్పటి నుంచి ప్రోగ్రాం అంటేనే ప్రాణం" అన్నాడు. ముందు రోజు ఆయన ప్రాణం మార్కుల్లో ఉండేది.

మేడమ్ నవ్వి ఆ లెక్క తుడిచేశారు. ఇక అందరినీ హాల్లో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగమన్నారు. ఒక ప్రశ్నకు ఆ అంశం కింద ఒక గీత. ప్రశ్న అడగడానికి నోరు కదపాలి కాబట్టి ఊరికే గీతలు పడవని ఆమె ఆలోచన. నాకూ సబబుగానే తోచింది.

టీ విరామంలో నేను వరండాలో ప్లగ్గు సరిచేస్తున్నాను. చర్ల వైపు టీచర్లంతా అక్కడ ముత్తయ్య సారు చుట్టూ మూగారు. కాస్త తెలుగు, కాస్త కోయ. ఒకరు చెప్తే ఇంకొకరు కాదంటారు, మూడోవాడు సర్దుతాడు. టీ గ్లాసుల్లో చల్లారిపోయింది. సరే, ఇప్పుడు గీతల వర్షమే అనుకున్నాను.

హాల్లో టౌను సార్లు ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఒకాయన అదే ప్రశ్నను ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి అడిగి రెండు గీతలు సంపాదించాడు. ముత్తయ్య సారు లేచి, "పిల్లగాడు పని చేసి సూపిస్తడు, నోటితోటి తెలుగుల చెప్పలేడు. వాడికి వచ్చినట్టా రానట్టా, ఎట్ల తెలుసుకోవాలె?" అని అడిగి కూర్చున్నాడు. అంతే. నాలుగో అంశం కింద ఒక్క గీత.

విద్యాశాఖ నుంచి వచ్చిన ఆఫీసరు బోర్డు చూసి, "ఆసక్తి లేదు మేడమ్. మూడూ ఖమ్మానికే రాసేద్దాం" అన్నారు.

భోజనాల దగ్గర ముత్తయ్య సారును పట్టుకున్నాను. మేడమ్ పక్క బెంచీ మీదే ఉన్నారు.

"ఏంది ముత్తన్నా, వరండాల అంత లొల్లి చేసి, లోపటికి రాంగనే ఒక్కమాటతోటి గప్‌చుప్ కూసుంటిరి. మీ వాళ్ళ నోళ్ళు వరండాలనే మరిచి వచ్చిండ్రా?"

"అడిగినం గదనే."

"అడిగింది నువ్వు. వాళ్ళేరి?"

"నేనడిగిందే వాళ్ళది. మా ఊళ్ళల్ల ముందుగాల అందరం కూసొని ఏం అడగాల్నో తెంపుకుంటం. ఇగ లేచేది ఒక్కడే. మళ్ళ ఇంకొకడు లేచి గదే అడిగితే, ముందు లేచినోని మాట మీద మాకు నమ్మకం లేదన్నట్టు."

"గట్లనా. మరి సార్లు అయినంక గూడ గిదేనా?"

"సార్లమైతే పుట్టుక మారుతదా?"

మేడమ్ ముద్ద చేతిలోనే ఉంచుకుని విన్నారు. "అంటే మీ వాళ్ళలో ఎవరూ మళ్ళీ లేవకపోవడం..." అని ఆగిపోయారు.

"నన్ను కాదనలేదన్నట్టు మేడమ్" అన్నాడు ముత్తయ్య సారు.

మధ్యాహ్నం ఆఫీసరుకు ఆమె ఇదంతా చెప్పారు. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు. "ఇప్పుడు ఎవరెవరు ఇతనితో ఉన్నారని అడిగితే మొహమాటానికి అందరూ లేస్తారు. దాన్ని ఆసక్తి అంటే ఎట్లా?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది.

మేడమ్ వాదించలేదు. అడవి వైపు టీచర్లనూ టౌను టీచర్లనూ ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, "మీరు అడిగిన ఇబ్బంది మీ తరగతిలో ఎప్పుడు వచ్చిందో ఒక్క సంగతి చెప్పండి" అన్నారు. నేను పక్కనే కంప్యూటర్ విప్పి దుమ్ము దులుపుతూ విన్నాను. అడవి వైపు నుంచి వచ్చినవాళ్ళలో ఏ ఇద్దరూ ఒకే సంగతి చెప్పలేదు. ఒకాయనకు కోయ రాదు, ముందు బెంచీ పిల్లే ఆయన మాటను వెనక బెంచీకి మార్చి చెప్తుందట. ఇంకొకాయన క్లాసులో లెక్క చేయగలిగిన పిల్లవాడు పరీక్షలో ప్రశ్న అర్థంకాక తెల్లకాగితం ఇచ్చాడట. టౌను సార్లలో, బడికి ముందే ఒక కంప్యూటర్ వచ్చిన కొందరికి, దాని ముందు తోపులాట నిజమైన బాధే. రెండు గీతల సారు మాత్రం చాలాసేపు ఆలోచించి, "మా హెడ్మాస్టరు ఏదో ఒకటి అడగమన్నరండి" అన్నాడు.

చివరికి తేలిందేమిటంటే, ఒకే కంప్యూటర్ అంశం మొదటిది, కోయ పిల్లల అంశం దాని వెనకే. మార్కులు, ప్రోగ్రాం కిందికి జారాయి. ఆఫీసరు పెన్ను తీసి, "రెండు ఖమ్మంలో ఉంచుదాం. ఒకటి అటు పంపండి" అన్నారు. మూడూ వస్తే బాగుండేది. ముత్తయ్య సారు ఆ ఒక్కదానికే లేచి నమస్కారం పెట్టాడు.

బడులు తెరిచాక జీపులో దాన్ని చర్ల దారిలోని ఆ ఆశ్రమ పాఠశాలకు నేనే తీసుకెళ్ళాను. గుంతల్లో తెర పగలకుండా మానిటరును ముత్తయ్య సారు దారంతా ఒళ్ళో పెట్టుకున్నాడు. కనెక్షన్లు ఇచ్చి స్విచ్చి వేశాను. కిటికీ చువ్వల వెనక పిల్లల ముఖాలు నిండిపోయాయి. బయటున్న వాళ్ళను అతను కోయలో ఏదో చెప్పి లోపలికి పిలిచాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగులో చెప్పేటప్పుడు వాళ్ళకూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎన్నో బళ్ళలో కంప్యూటర్లు బాగుచేశాను. "ఏమీ ఫిర్యాదులు లేవు" అని ఆఫీసు గదిలో చెప్తే అక్కడితో నమ్మి వెనక్కి తిరగడం మానేశాను. తరగతిలోకి వెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళను ఒక్కొక్కరినీ కదిలించి చూస్తాను. ఎవరు ఏ తీరుగా అడుగుతారో తెలియకుండా ఎందరడిగారని లెక్కపెడితే, మనలాగా అడిగేవాళ్ళు మాత్రమే ఆ లెక్కలోకి వస్తారు. మిగతావాళ్ళకు ఆసక్తి లేదని రాసేసుకుంటాం.