మూడు బియ్యపు గింజలు

ఆ మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలకు యాదమ్మ మా షాపులో నెల మందులు తీసుకుంది. బిల్లు మీద ఆ సమయం అచ్చయి ఉంది. నకలు నా దగ్గర ఉంది కాబట్టే నిమిషాలతో సహా చెప్పగలుగుతున్నాను.

చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారని నేను ఏ రోజూ అనుకోలేదు. ముప్ఫై ఏళ్ళు కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేశాను. దయ్యాల పుస్తకాలు బీరువాల్లో సర్దాను, కొన్ని చదివాను, ఒక్కటీ నమ్మలేదు. నా భార్య సుభద్ర ఫార్మసిస్టు. ఈ విషయంలో ఆమె నాకంటే మొండి. ఎవరైనా తాయెత్తు కట్టుకుని వస్తే వాదించేది కాదు, "అది అలాగే ఉండనివ్వండి, ఇది కూడా వేసుకోండి" అని మాత్ర చేతిలో పెట్టేది. కింద రాసింది మీరు నమ్మాలని అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్ళే ఒక సందులో మా మెడికల్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. సుభద్ర ఆ షాపును ఇరవై నాలుగేళ్ళు నడిపింది. నిరుడు కార్తీకంలో చనిపోయింది.

షాపు మూయలేదు. సైదాబాద్ నుంచి నర్సింహ అనే ఫార్మసిస్టును పెట్టుకున్నాం. అతను సుభద్రను ఎప్పుడూ చూడలేదు. రిటైరై ఖాళీగా ఉన్నాను కనుక నేను బిల్లులు కొట్టడానికి కూర్చున్నాను. సుభద్ర ఉన్నన్నాళ్ళూ నేను ఆ కౌంటరు వెనక్కి వెళ్ళింది తక్కువ. ఆమె ఎవరికి మందులు ఎలా కట్టి ఇచ్చేదో నాకు తెలియదు. తర్వాత జరిగినదానికి ఇది ముఖ్యం.

మా అమ్మాయి మాధవి ఫార్మసీ చివరి సంవత్సరంలో ఉంది. వాళ్ళ కాలేజీకి విదేశీ విద్యార్థులు వచ్చి పని నేర్చుకునే మార్పిడి కార్యక్రమం ఒకటి ఉంది. జూలైలో పోర్చుగల్ నుంచి ఇనెస్ అనే అమ్మాయి వస్తుందని, నెల రోజులు మందుల షాపులో పనిచేయాలని, మా ఇంట్లోనే ఉంటుందని మాధవి చెప్పింది. అడగలేదు, చెప్పింది.

"ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది నాన్నా. ఒక మనిషి తిరగనీ," అంది.

ఇనెస్ ఆదివారం దిగింది. సోమవారం ఉదయానికే సందులో అందరికీ "బాగున్నారా" చెప్పడం మొదలుపెట్టింది. కొరియర్ అతనికి చెప్పింది, కరెంటు మీటరు చూడటానికి వచ్చినతనికి చెప్పింది. షాపులోకి వచ్చినవాళ్ళు నర్సింహను వదిలేసి ఆమెకే రిపోర్టులు చూపించారు. ఒక పెద్దాయన నాలుక కూడా చాపి చూపించాడు. ఇనెస్ గంభీరంగా చూసి "బాగున్నారా" అంది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు. సుభద్ర పోయాక ఆ షాపులో నేను నవ్వింది అదే మొదటిసారి.

వాళ్ళ దేశంలో మందులు పెట్టెల్లోనే ఇస్తారట. మాత్రల షీటును కత్తెరతో కత్తిరించి, ఎన్ని కావాలంటే అన్ని కాగితపు కవర్లో వేసి ఇవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మందు ఇచ్చే పని నర్సింహదే. ఆమె పక్కన నిలబడి కవర్లలో సర్దేది. నేర్చుకున్నది ఒక పుస్తకంలో రాసుకునేది. కింద నర్సింహ సంతకం చేసేవాడు.

ఇక యాదమ్మ. సందు మొదట్లో పూలు అమ్ముతుంది. అరవై ఐదేళ్ళుంటాయి. షుగరు, బీపీ ఉన్నాయి. చూపు కొంచెం మందం. సుభద్ర పోయాక ఎనిమిది నెలల్లో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. రెండుసార్లూ షుగరు బాగా పడిపోయిందని డాక్టరు చెప్పాడు. బడంగ్‌పేట్‌లో ఉండే కొడుకు తేల్చేశాడు: ఇంకొకసారి పడితే పూలు అమ్మేది లేదు, తన ఇంట్లో ఉండాల్సిందే.

"ఇంగోపాలి పడితే నా గంప బంద్ అట సారు. ఇంట్ల కూసొని టీవీ చూడాలెనట. గప్పుడు నిజంగ సస్త," అని నాతో నవ్వుతూ అంది. నవ్వుతూ అన్నా కళ్ళలో భయం ఉంది.

నర్సింహ నిర్లక్ష్యపు మనిషి కాదు. ఆమె కవర్ల మీద తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీలు అంటించేవాడు. ఉదయం, రాత్రి, అన్నంతో. అయినా ఎందుకు పడిపోతోందో మాకు అర్థం కాలేదు.

మంగళవారం యాదమ్మ వచ్చినప్పుడు నర్సింహ మాత్రలు కత్తిరించి ఇనెస్ ముందు పెట్టాడు. ఇనెస్ నా వైపు తిరిగి కొంచెం బియ్యం కావాలంది. ఆకలేస్తోంది కాబోలనుకున్నాను. పైన అన్నం వండి ఉంది, వెళ్ళి తినమన్నాను. అన్నం కాదు, వండని బియ్యం అంది. తనే పైకి వెళ్ళి గుప్పెట్లో తెచ్చుకుంది.

"ఏంది చెల్లె, పూజ చేస్తున్నవా?" అన్నాడు నర్సింహ.

ఆమె షుగరు మాత్రల కవరు తీసుకుని లోపల ఎడమ మూలకు మూడు గింజలు వేసింది. ఆ మూలను వదులుగా రెండుసార్లు మడిచి పిన్ను కొట్టింది. మిగతా రెండు కవర్లలో ఏమీ వేయలేదు.

యాదమ్మ ఆ కవరు అందుకుని, అలవాటుగా అన్నట్టు చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. గింజలు కదిలిన చప్పుడు నాకూ వినపడింది. యాదమ్మ కవరును ఇంకోసారి ఆడించింది. తర్వాత ఇనెస్ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇది అమ్మ మందు! ఎన్ని దినాలాయె సారు గీ చప్పుడు ఇనక! గీ పిల్లకు ఎవలు చెప్పిన్రు?"

అమ్మ అంటే సుభద్ర. నేను చెప్పలేదు. నర్సింహ చెప్పలేదు. షాపు నిండా జనం ఉండడంతో అప్పటికి మాట అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం ఐదింటికి సందు మొదటికి వెళ్ళాను. యాదమ్మ నడుముకు దోపుకున్న గుడ్డసంచిలోంచి ఒక పాత కవరు తీసింది. మా షాపు ముద్ర ఉంది, పక్కన సుభద్ర పొడి సంతకం ఉంది. ఎడమ మూల రెండు మడతలు, ఒక పిన్ను. ఆమె మడత విప్పి చూపించింది. లోపల మూడు బియ్యపు గింజలు. ఒకదాన్ని పురుగు తొలిచింది.

"బియ్యం గలగలమంటే అన్నం ముంగట పెట్టుకున్నంకనే గోలి ఏసుకోవాలె. అన్నం లేకుంటే గోలి లేదు. గట్ల చెప్పింది అమ్మ."

మూడే ఎందుకని అడిగాను.

"ఒకటి రాలితే రెండుంటయ్. రెండు రాలినా ఒకటుంటది. ఒక్కటున్నా అన్నమే."

మరి ఈ ఎనిమిది నెలలూ మాకు ఎందుకు చెప్పలేదన్నాను. యాదమ్మ కడుతున్న మూరకు ముడి వేసి పక్కన పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"మీ నర్సింహ మొదటి దినమే నలుగుట్ల అడిగిండు, సదువొస్తదా అమ్మా అని. పక్కన మా కాలనీ ఆడోళ్ళు ఉండిరి. ఎందుకు రాదు అన్న. అన్నంక మల్ల రాదని ఎట్ల చెప్పుదు? అమ్మ ఎన్నడు గా మాట అడగలె సారు."

అంటే చీటీలు ఆమెకు పనికిరాలేదు. రంగును బట్టి, సైజును బట్టి మాత్రలు వేసుకుంది. కంపెనీ మారితే రంగు మారింది. పూల మార్కెట్టుకు వెళ్ళేముందు తెల్లవారుజామున బీపీ మాత్ర అనుకుని ఖాళీ కడుపుతో షుగరు మాత్ర వేసుకుంది. పడిపోయింది. పాత కవరు చూపిస్తే సరిపోయేది. కానీ చూపిస్తే చదువు రాదని ఒప్పుకున్నట్టే. ఈ ముచ్చట నర్సింహకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఆమెను అడిగే, పేర్లు కొన్ని మార్చి ఇది రాస్తున్నాను.

ఇంటికి వచ్చాను. ఇనెస్ టీ తాగుతోంది. బియ్యం సంగతి ఎవరు చెప్పారని అడిగాను.

"మీరే కదా అంకుల్! పొద్దున నేను ఇడ్లీ తింటున్నప్పుడు," అంది ఇంగ్లీషులో.

ఏం చెప్పానని అడిగాను. ఆమె తన పుస్తకం తెచ్చింది. షాపుకు దిగేముందే మంగళవారం పేజీలో రాసుకుందట. అన్నంతో వేసుకోవాల్సిన మాత్రకు మూడు బియ్యపు గింజలు. ఒకటి రాలితే రెండుంటాయి, రెండు రాలితే ఒకటుంటుంది, ఒక్క గింజ ఉన్నా అన్నం ఉన్నట్టే. ఇంగ్లీషులో ఇదే వరస. అప్పటికి ఇనెస్‌కు వచ్చిన తెలుగు ఒక్క మాట. యాదమ్మకు ఇంగ్లీషు రాదు. ఆది, సోమవారాలు యాదమ్మ బడంగ్‌పేట్‌లో కొడుకు దగ్గరే ఉంది. మంగళవారం కౌంటరు దగ్గర కలవడానికి ముందు వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆ ఉదయం నేను ఇంట్లో లేను. ఏడింటికి మెట్రోలో ఎల్బీనగర్ వెళ్ళాను. నాకూ షుగరు పరీక్ష ఉంది. పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, టిఫిన్ చేసి, రెండు గంటలాగి మళ్ళీ ఇవ్వాలి. ల్యాబ్ కాగితం మీద రెండు సమయాలూ ఉన్నాయి: ఎనిమిది ఐదు, పది ఇరవై. తిరిగి నేరుగా షాపులోకే వచ్చాను. మాధవి ఏడుంపావుకే కాలేజీ బస్సెక్కింది. ఇనెస్ ఎనిమిదిన్నరకు లేచి హాట్‌బాక్సులోని ఇడ్లీలు తింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఇది చెబితే ఇనెస్ మొదట నవ్వింది. తర్వాత ఆలోచించింది. ప్రయాణం బడలికతో తను సగం నిద్రలో ఉందని, ముఖం చూసిన గుర్తు లేదని, ఆ వేళ ఇంట్లో ఉండేది నేనే కనుక నేనే అయి ఉంటానని అనుకుందని చెప్పింది. కానీ ఎదురుగా కూర్చుని ఎవరో పేపరు మూల మడిచి చూపించడం గుర్తుంది. ఆ చేతులు గుర్తున్నాయి.

టేబుల్ మీది పేపరు తీసి చూశాను. ఎడమ మూల రెండుసార్లు మడిచి ఉంది. దాన్ని ఇనెస్ మడిచి ఉండవచ్చు.

ఆ చేతులకు గాజులు ఉన్నాయా అని నేను అడగలేదు.

నాకు భయం వేయలేదు. ఆకలి వేసింది. ఆ రోజు భోజనంలో రెండోసారి అన్నం పెట్టించుకుంటే మాధవి పప్పు గిన్నె నా వైపు జరిపింది.

మిగిలిన నెల సందడిగా గడిచింది. యాదమ్మ ఇనెస్‌కు పూలు కట్టడం నేర్పింది. మొదటి మూర చూసి, "ఇది దండనా, చీపురా? దీన్ని కొనెటోడు ఇంకా పుట్టలె," అని సందంతా వినిపించేలా నవ్వింది. ఆ మూర ఇనెస్ తలలోనే పెట్టింది. బోనాల రోజున ఇనెస్ డప్పు వెంట చెరువు దాకా ఎగురుతూ వెళ్ళి, చెప్పులు పోగొట్టుకుని వచ్చింది. నెలాఖరున వెళ్ళేటప్పుడు యాదమ్మ ఆమెను కావలించుకుని, "మల్లొచ్చేటప్పుడు మొగణ్ణి తోల్కరా, సూస్తా," అంది. నేను అనువదించాను. ఇద్దరూ ఏడ్చారు, వెంటనే నవ్వారు.

నాతో పనిచేసిన ఒక సైకాలజీ లెక్చరరుకు ఇదంతా చెప్పాను. సుభద్ర ఎప్పుడో చెబితే విని మరచిపోయి ఉంటావని, ఆదివారం నాడు నువ్వే ఆ పిల్లతో అని ఉంటావని, అది ఏ రోజన్నది ఆమె తికమకపడిందని అన్నాడు. కావచ్చు. భార్య మాట సగమే వినే భర్తల్లో నేనూ ఒకణ్ణి. కానీ ఆదివారం మేము మాట్లాడింది విమానం గురించి, వాళ్ళ అమ్మ గురించి. బియ్యం మాట రాలేదు. మాధవి కూడా అక్కడే ఉంది. ఆమెకూ గుర్తు లేదు. ల్యాబ్ కాగితం, బిల్లు, ఇనెస్ పేజీ నకలు ఒకే కవర్లో పెట్టి ఉంచాను. అప్పుడప్పుడు తీసి చూస్తాను. ఇప్పటికీ లెక్క కుదరలేదు.

ఆ మంగళవారం తర్వాత యాదమ్మ పడిపోలేదు. కొడుకు ఒకసారి వచ్చి, ఆమె బేరమాడటం కాసేపు నిలబడి చూసి, మర్నాడు గంప మీదికి పెద్ద గొడుగు తెచ్చి పాతాడు.

ఒట్టు తప్పకుండా నర్సింహకు ఒకటే చెప్పాను. అన్నంతో వేసుకునే మాత్ర ఎవరికి ఇచ్చినా మూడు గింజలు వేయమన్నాను. కత్తెర పక్కన చిన్న బియ్యం డబ్బా పెట్టుకున్నాడు. బ్యాంకు మేనేజరుకూ గింజలే, కూలికి పోయే మనిషికీ గింజలే. మేనేజరు కవరు ఆడించి, "ఏంటండీ ఇది?" అంటే, "అన్నం తిన్నంక సార్," అంటాడు నర్సింహ.

చదువొచ్చా అని మా షాపులో ఇప్పుడు ఎవరినీ అడగడం లేదు.