పాస్టరు గారి సీడీలో హోరు

మా బావ కంప్యూటర్ సెంటరు మా ఊరి పత్తి జిన్నింగు మిల్లు గోడను ఆనుకుని ఉండేది. సెంటరంటే ఒక గది, ఒక కంప్యూటరు, ఒక మైకు, గోడకు కొట్టిన పాత పరుపు. ఆ పరుపును బావ స్టూడియో అనేవాడు. డిగ్రీ అయిపోయి ఊరికే తిరుగుతున్న నన్ను టెక్నికల్ సలహాదారు అనేవాడు. రెండూ సమానంగా నిజం.

స్టూడియోకు ఉన్న ఒకే ఒక్క నమ్మకమైన గిరాకీ పాస్టరు గారు. నెలనెలా వచ్చి మైకు ముందు ప్రసంగం చెప్పేవారు, మేం సీడీలు చేసి ఇచ్చేవాళ్లం. ఆ వేసవిలో ఆయన ఒక సీడీ వెనక్కి తెచ్చారు.

"బాబూ, ఇందులో నా వెనకాల ఏదో హోరుమంటోంది. వాడరేవు సముద్రం ఒడ్డున చెప్పారా అయ్యగారూ అని అడుగుతున్నారు జనం. ఈసారీ ఇలాగే ఉంటే గుంటూరు వెళ్లి చేయించుకుంటా."

ఆ హోరు కంప్యూటర్లో ప్రాసెసరు మీద తిరిగే ఫ్యానుది. ఎండ ముదిరేకొద్దీ దాని మోత పెరిగేది, అయినా కంప్యూటరు వేడెక్కి ఆరిపోయేది. పాస్టరు గారు పోతే సెంటరు పోతుంది, సెంటరు పోతే బావ మళ్లీ మిరపచేలోకి. ఆ దిగులుతో మా అక్క అన్నం కూడా ముట్టలేదని బావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కనుక్కున్నాను. ఆ రోజు శుక్రవారం, అక్కకు ఒక్కపొద్దు.

బావ విజయవాడ నుంచి ప్రాసెసరు మీద బిగించే కొత్త కూలరు తెప్పించాడు. పల్చటి రేకుల దొంతర, దానికో పెద్ద ఫ్యాను. చల్లగా ఉంచుతుందట, మోత ఉండదట. పరీక్షించి చూద్దామన్నాను.

ముందు చల్లదనం. ప్రాసెసరుకూ కూలరుకూ మధ్య వేడిని లాగే బంక పూయాలి. మా జిల్లాలో ఏది పూసినా చెయ్యి పొదుపు చెయ్యదు. బావ ట్యూబంతా పిండి, దోసె మీద ఎర్రకారం పూసినట్టు పూశాడు. తెర మీద వేడి అంకె చూస్తే పాత ఫ్యాను కంటే ఎక్కువ.

"మోసంరా! నిలువునా ముంచారు!"

"ముంచింది నువ్వు బావా, బంకలో. తుడిచి కందిగింజంత పెట్టు."

ట్యూబును మడిచి నొక్కితే అంతే వచ్చింది. ఈసారి మిట్టమధ్యాహ్నం కూడా అంకె పైకి కదల్లేదు.

తర్వాత మోత. పక్కన మిల్లు నడుస్తుంటే సన్నటి చప్పుడు వినపడదు. "కరెంటు పోతే మిల్లు ఆగుతుందిగా, అప్పుడు విందాం" అన్నాడు బావ. కరెంటు కోత కోసం ఆశగా ఎదురుచూసిన వాళ్లం ఊళ్లో మేమిద్దరమే. పోయింది. మిల్లు ఆగింది. ఊరంతా నిశ్శబ్దం. కంప్యూటరు కూడా నిశ్శబ్దం.

"ఒరేయ్, ముందే చెప్పొద్దంట్రా?"

"చెబితే ఇంత సంతోషంగా ఎదురుచూసేవాడివా?"

యూపీఎస్ అరువు తెచ్చాం. ఈసారి కంప్యూటరు నడిచింది గానీ, కరెంటు పోయిందని యూపీఎస్ కీచుకీచుమని ఊరికి చాటింపు వేసింది. ఒక కీచుకీ ఇంకో కీచుకీ మధ్య చెవులు ఆనించి విన్నాం. ఫ్యాను చప్పుడే లేదు. అసలు తిరుగుతోందా అని పత్తి పింజ దగ్గర పెడితే, ఎగిరి బావ మీసానికి అంటుకుంది.

పాస్టరు గారు వచ్చి ప్రసంగం చెప్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. ఆయన గొంతు తగ్గించి భక్తిగా ఆగిన చోటల్లా మిల్లు గురగుర, బయట మిరప టిక్కీ బస్తాలు దింపుతున్న హమాలీల తిట్లు, ఆ ఘాటుకు నా తుమ్ము. ఇన్నాళ్లూ ఇవన్నీ పాత ఫ్యాను హోరులో మునిగి ఉన్నాయి.

ఆయన హెడ్‌ఫోన్లు తీశారు.

"బాబూ, అప్పుడు సముద్రమొక్కటే ఉండేది. ఇప్పుడు ఊరంతా వచ్చేసింది. ఆ సముద్రమే పెట్టెయ్."

పాత ఫ్యానును ప్రాసెసరు మీదికి ఎక్కిస్తే మధ్యాహ్నానికి మళ్లీ ఆరిపోతుంది. అందుకని కొత్త కూలరును ఉన్నచోటే ఉంచి, పాత ఫ్యానుకు వైరు తగిలించి మైకు పక్కన బల్ల మీద నిలబెట్టాం. పాస్టరు గారు గుంటూరు వెళ్లలేదు. బల్ల మీద అదెందుకని ఎవరైనా అడిగితే, బావ గంభీరంగా చెప్పేవాడు.

"మోతకండీ."