పిన్ని అడగలేని మాట

భవానీపూర్‌లో మా కింది వాటాలో ఉండే శ్రీకాకుళం పిన్నికి ఎవరినీ ఏదీ అడగడం చేతకాదు. ఇంట్లో ఉప్పు అయిపోతే చప్పిడి కూరే తినేది గాని, మా తలుపు తట్టేది కాదు.

ఆమెకు మైలాయిడ్ రకం రక్త కాన్సర్ వచ్చినప్పుడు తమ్ముడి మూలకణాలు ఎక్కించారు. ఏడాది తిరక్కుండానే జబ్బు మళ్లీ బయటపడింది. ఇంగ్లీషు రిపోర్టులు చదివిపెట్టడానికి నేనూ ఆస్పత్రికి వెళ్లాను.

"ఈసారి తమ్ముడి తెల్లకణాలు ఎక్కిస్తే, అవి కాన్సర్ కణాలను వెతికి చంపే అవకాశం ఉంది. ఆలస్యం చేయకండి," అన్నాడు డాక్టరు.

"అడుగుతాన్లే," అంది పిన్ని.

తమ్ముడు నగర శివార్లలోని బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో పనిచేస్తాడు. పిన్ని రోజూ ఫోన్ చేసి వాన గురించి, చేపల గురించి, మేనకోడలి పరీక్షల గురించి మాట్లాడి పెట్టేసేది. మూడు వారాలు అలాగే గడిచిపోయాయి. ఒకరోజు గట్టిగా నిలదీశాను.

"ఒకపాలి ఇచ్చినాడు కదమ్మా. మళ్లీ ఏ మొగం పెట్టుకుని అడగను?"

నాకు ఒళ్లు మండింది. ఫోన్ లాక్కుని నేనే అతనికి చెప్పాను.

"ఇన్నాళ్లూ ఏటి సేస్తన్నావే అప్పా? నాకెందుకు సెప్పనేదు?" అని ఫోన్‌లోనే అక్క మీద అరిచాడు. మర్నాడు పొద్దున్నే వచ్చేశాడు.

కణాలు ఎక్కించారు గాని పనిచేయలేదు. మూడు వారాల ముందైతే పనిచేసేవా అంటే, చెప్పలేనన్నాడు డాక్టరు.

పిన్ని పోయాక తమ్ముడు నన్ను ఒక్కటే అడిగాడు.

"అప్ప నన్ను పరాయోడనుకుందా అమ్మా?"

కాదన్నాను. అతను నమ్మలేదు. పిన్ని మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.