తలకట్ల దాకా వచ్చిన పేరు

ఆ రోజుల్లో గ్రీన్ కార్డ్ తర్వాత నేను అంతగా కోరుకున్నది టీవీలో నా పేరు పడటమే. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. పక్క ఊళ్లోని చిన్న టీవీ స్టేషన్‌లో ఆదివారాలు పదకొండున్నరకు తెలుగు కార్యక్రమం వచ్చేది. నడిపేది టై అంకుల్ (నిక్కరు మీద కూడా టై కట్టేవారు, కెమెరాకు నడుము కింద కనబడదు కదా). వార్తలు చదివే గొంతు నాది. హెచ్1బీ వీసా వాణ్ణి, ఇంకోచోట జీతం తీసుకోకూడదు కనుక ఊరికే చదివేవాణ్ణి. చివర్లో కిందినుంచి పైకి జరిగే పేర్లలో మాత్రం, నాకు ముందు వార్తలు చదివి డబ్లిన్ వెళ్లిపోయిన పెద్దమనిషి పేరే ఉండేది. గుళ్లో అందరూ నా గొంతు విని ఆయన్నే మెచ్చుకునేవారు, నా ఎదుటే. అది నేనింకా మరిచిపోలేదు.

"అంకుల్, నా పేరు?" అంటే, "వచ్చే నెల మార్పిస్తాను బాబూ, ఓనర్‌తో మాట్లాడాను," అనేవారు. వచ్చే నెల ఆ ఓనర్ స్టేషన్‌ను రాష్ట్ర ప్రభుత్వానికి అమ్మేశాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ వాలంటీర్ ఫారం నింపమంది. నింపాను. నల్ల ఇంకు కాదని తిప్పి పంపింది. ఫిర్యాదు చేస్తే, ఫిర్యాదుకూ ఒక ఫారం ఉందంది. ఏడాదిన్నరకు నా పేరు వేయడానికి అనుమతి వచ్చింది. అదే వారం, బడ్జెట్ లేదంటూ ప్రభుత్వం స్టేషన్‌ను మళ్లీ ప్రైవేటు వాళ్లకు అమ్మింది. ఆదివారం పన్నెండు గంటలకు స్వాధీనం. మాదే ఆఖరి కార్యక్రమం.

రికార్డింగ్ శుక్రవారమే అయిపోయింది కాబట్టి, ఆదివారం నా అపార్ట్‌మెంట్‌లో పదకొండు మందిని కూర్చోబెట్టాను. "జరుగుండ్రిరా, అన్న పేరు వస్తది!" అని వరంగల్ రూమ్మేట్ అందరినీ నెట్టాడు. టై అంకుల్ వీడ్కోలు ప్రసంగం సాగింది, సాగింది. పన్నెండుకు అరనిమిషం ఉందనగా పేర్లు మొదలయ్యాయి. టై అంకుల్, ఆంటీ, వాళ్ల పిల్లలిద్దరు, సమోసాలు పంపినాయన. ఆ కింద నా పేరు తలకట్లు కనిపించాయి. అక్షరాలు పైకి వచ్చేలోపు తెర నల్లబడింది. ఆ వెంటనే ఎవరో కత్తితో టమాటా కోస్తూ ఆ కత్తిని అమ్మసాగాడు.

"అన్నా, అది నీదేనా?" అన్నాడు రూమ్మేట్.

"తలకట్లు నావే," అన్నాను.

కొత్త యజమానికి రాస్తే పాత సంగతులతో మాకు సంబంధం లేదన్నారు. ప్రభుత్వానికి రాస్తే స్టేషన్ ఇప్పుడు మాది కాదన్నారు. రెండు ఉత్తరాలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు ఇంట్లో ఏ సినిమా అయినా పూర్తవగానే, "నాన్నా, అయిపోయింది కదా, కమాన్!" అంటూ అమ్మాయి లేచిపోతుంది. నేను లేవను. ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైదాకా వెళ్లేవరకు కూర్చుని చదువుతాను. ఓపిక లేకపోయినా చదువుతాను.