కొండగోగు కింద అప్ప పంచె

మన ఊరి వెనక కొండమీద పసుపుపచ్చగా పూసే చెట్టు పేరు మీలో ఎంతమందికి తెలుసు? తెలిసిన మనిషి, మా పొరుగింటి అప్ప, మొన్న సోమవారం పోయింది. మీరేమో చీపురుపల్లి బజారు నుంచి బంతిదండలు తెచ్చి ఆమెమీద కప్పారు. ఇద్దరైతే సిగ్గులేకుండా ప్లాస్టిక్ పూలే తెచ్చారు.

ఆ చెట్టు కొండగోగు. ఆకులన్నీ రాలాక, మట్టి నిలవని బండ సందుల్లో, మాఘ ఫాల్గుణాల్లో అరచేతంత పువ్వులు పూస్తుంది. అప్ప ఒక్క పువ్వూ కోసి ఎరగదు. తెల్లారేసరికి చెట్టు కింద పాత పొందూరు పంచె పరిచి, దానిమీద రాలినవే గుడికి తెచ్చేది. తొలకరికి గింజలు బండమీద రుద్ది, పగుళ్ళలో పెట్టేది.

నేను, గ్రంథం చంకన పెట్టుకుని మీ అందరికీ భక్తి నేర్పేవాణ్ణి, ఒకసారి గుడిలో ప్రవచనం వేదిక అలంకరించడానికి నిండుగా పూసిన కొమ్మ విరిచాను. అప్ప దారిలోనే ఆపింది.

"ఒరే, ఏట్రా అది?"

"దేవుడికే కదప్పా."

"దేవుడు అడిగినాడేటి? సెట్టు సెయ్యి ఇరిసి ఇస్తావా? నీ సెయ్యి ఇరిసి ఇయ్యి, సూద్దాం!"

పువ్వో ఆకో భక్తితో ఇస్తే చాలన్న భగవంతుడి మాట మీద ఆ సాయంత్రం నేను గంటసేపు మాట్లాడాలి. మొదటి శ్లోకం దగ్గరే గ్రంథం మూసేశాను. వినడానికొచ్చిన అప్ప లేచి వెళ్తూ అంది: "సదివినకాడికి సెయ్యి నాయనా. మిగతాది తరవాత సదువుకుందువుగాని."

ఇక మీ ఘనకార్యం. అప్ప జ్ఞాపకార్థం గుడి ముందు ఆర్చి కడతారట. రాయి ఎక్కణ్ణుంచి? ఆ కొండనుంచే! గుడి కమిటీ పెద్దను నిలదీశాను.

"ఉన్నవి మూడు సెట్లే గదా స్వామీ. ఆర్చి మీద పువ్వులు సెక్కించి పసుపు రంగేసేద్దాం."

బతికున్న పువ్వును చంపి రాతిపువ్వు పెడతారా? ఏ శాస్త్రంలో చదివారయ్యా ఈ భక్తి? చదివే అలవాటుంటేగా! చెట్టు పేరే తెలియనివాళ్ళు చెట్టును ప్రేమించిన మనిషికి ఆర్చి కడతారు!

కొండ కింద పొక్లెయిన్ దించేశారు. రేపు పొద్దున్నే తవ్వకం. ఇవాళ తెల్లవారుజామున అప్ప పంచె పట్టుకెళ్ళి చెట్టు కింద పరిచి వచ్చాను. నేను చూస్తుండగానే నాలుగు పువ్వులు రాలాయి. ఏరడానికి ఆ చేతులు లేవు.

దండలు మోసిన చేతులు మీకున్నాయిగా? ఈ కాగితం కింద పడేసి ఈరోజే, ఇప్పుడే కొండెక్కండి. ఆ పంచె చుట్టూ కూర్చోండి. పొక్లెయిన్ వచ్చినా లేవకండి.