ఏరిపెట్టిన పెట్టె

మా వదినకు పడవెక్కితే వాంతులు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి, రేవులోకి వచ్చిన ప్రతి పడవనూ ఆపి చేపలు కొలవడం. మా ఆయనకు అక్క. పెళ్లి ఊసెత్తనివ్వలేదు, మాతోనే ఉంటుంది. రేవంతా ఆమెను కొలతలక్క అనేది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు నన్ను తల నుంచి పాదాల దాకా చూసిన తీరుకు, ఎక్కడ చేపలు కొలిచే పలక మీద పడుకోబెడుతుందోనని హడలిపోయాను.

ఆమె పని ఇది. ఒక్కో పడవ నుంచి ఒక పెట్టె కానాగంత చేపలు తీసుకుంటుంది. ఒక్కొక్క చేపనూ గీతల పలక మీద పెట్టి, మూతి నుంచి తోక చీలిక దాకా కొలుస్తుంది. కొన్నిటి పొట్ట కోసి గుడ్లున్నాయో లేదో చూస్తుంది. కానాగంత జానెడు పెరిగితేగానీ గుడ్లు పెట్టే ఈడుకు రాదు. ఈ కొలతలన్నీ మత్స్యశాఖకు వెళతాయి. పెద్దవి బాగా పడుతుంటే సముద్రం నిండుగా ఉన్నట్టు, ఆ ఏడు ఎక్కువ పట్టుకోనిస్తారు. అన్నీ చిన్నవే అయితే వేట మూసేస్తారు.

మా రేవు కొలతలు ఏటా బ్రహ్మాండంగా ఉండేవి. పడవలు మాత్రం, మా పడవతో సహా, ఏటా ఇంకాస్త దూరం వెళ్లి, ఇంకాస్త తక్కువ తెచ్చేవి. వదినకు అది అంతుపట్టేది కాదు. అన్నం దగ్గర కూడా అదే గోల.

"నా పలక మీద పెద్దవే పడుతున్నాయి, మీ పెట్టెలేమో తగ్గుతున్నాయి. ఎక్కడో ఏదో తేడాగా ఉందిరా."

"ముందు తినవే అక్కా," అనేవాడు మా ఆయన. కూర గిన్నెలో గరిటెతో వెతికి వెతికి, మంచి నడుం ముక్క తీసి ఆమె కంచంలో వేసేవాడు. నడుం ముక్క ఎప్పుడూ ఆమెదే. నాకు తోకలు. గొణుక్కునేదాన్ని గానీ, ఆ ప్రేమ చూస్తే లోలోపల ముచ్చటేసేది.

ఒక పొద్దున వదిన ఐసు కోసం మా షెడ్డులోకి వచ్చింది. అప్పుడే దించిన చేపల కుప్ప ముందు మా ఆయన గొంతుక్కూర్చుని, పెద్దవాటిని చేత్తో ఏరి ఒక పెట్టెలో పేరుస్తున్నాడు.

"ఎవరికిరా అవి?"

"నీకే, పలక మీదకి." మొహం చాటంత చేసుకుని చెప్పాడు. "మనింటి ఆడపిల్లకి పిల్లచేపలిస్తామా? రేవులో అందరం ఇంతే. నువ్వు ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ."

ఒట్టేసి చెబుతాను, మోసం చేయాలన్న ఊహ వాళ్లలో ఒక్కరికీ లేదు. ఆడపడుచుకు మంచిది పెట్టాలి, అంతే. వదిన అక్కడున్న ఐసు దిమ్మ మీదే కూలబడింది. చలి కూడా తెలిసినట్టు లేదు.

నేను ఆమెను పక్కకు లాగాను. "ఈ సీజనుకి ఊరుకో వదినా. మొన్ననేగా పడవకి కొత్త ఇంజను వేయించాం. వేట మూసేస్తే మా నోట్లో మట్టే."

ఆమె నా చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇంటి మనిషై ఉండి ఇంటికే ఎసరు పెడుతుందా అని మనసులో తిట్టుకున్నాను.

మర్నాడు రేవులో మొదటి పడవవాళ్లు ఎప్పటిలా ఆమె కోసం ఏరిన పెట్టె ముందుకు తోశారు. "అది వద్దు. ఆ మూలనున్నది తియ్యండి," అంది. వాళ్లు వేళాకోళమనుకుని నవ్వారు. పక్క పడవ దగ్గరా అదే మాట అనేసరికి నవ్వు ఆగిపోయింది. తర్వాతది మాదే. మా ఆయన ఏరిన పెట్టెను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"నాది కూడానా అక్కా?"

"నీది కూడా."

ఆయన కదల్లేదు. ఆమే వంగి మూలనున్న పెట్టె లాక్కుంది. అన్నీ అరచేతిలో ఇమిడే చేపలు. కోసినవాటిలో ఒక్కదానిలోనూ గుడ్లు లేవు.

"ఇవి ఒక్కసారన్నా గుడ్లు పెట్టలేదురా. రేపు మీరు పట్టాల్సినవి వీటి కడుపునే పుట్టాలి. మీరు నాకు పెద్దవి చూపించారు, నేను సముద్రం నిండుగా ఉందని చెప్పా. ఇన్నేళ్లూ."

పాత కొలతలేవీ నమ్మొద్దని మత్స్యశాఖకు చెప్పింది కూడా ఆమే. వేట మూసేశారు. రేవులో ఎవరూ ఆమెను పలకరించలేదు. మా ఆయన ఒకే ఇంట్లో ఉంటూ మాట మానేశాడు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆమె మీద కోపం, ఆమెను చూస్తే జాలి, రెండూ నావే.

ఆఖరి వేటలో ఇంటికని ఐసులో దాచుకున్న చేపలు ఒకరోజు వండాను. అందరం తినడానికి కూర్చున్నాం. మా ఆయన గరిటె అందుకున్నాడు. ఎప్పటిలా వెతకలేదు. గోడకేసి చూస్తూ గిన్నెలో ముంచి, వచ్చింది వచ్చినట్టు అక్క కంచంలో వేశాడు. తోక ముక్క.

"తినవే అక్కా," అన్నాడు, అన్ని రోజులకు నోరు విప్పి. "ఏరలేదు."

అది కోపమో, ఒప్పుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు. వదిన ఆ తోక ముక్కను ఏడుస్తూ, ముల్లు ముల్లూ చీకి తింది.